వస్తాదు, అధ్యాపకురాలు: వ్యాయామ శాస్త్ర మూలసూత్రాలపై సంవాదం

వ్యాయామం చేస్తే శరీరం మారుతుందన్నది అందరూ ఒప్పుకునే మాటే. ఏ పనికి, ఎంత మోతాదుకు, ఎన్నాళ్లకు, ఎవరిలో మారుతుందన్న దగ్గరే పేచీ. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికేది వ్యాయామ శాస్త్రం. కండరాలు, నాడులు, గుండె, ఊపిరితిత్తులు శ్రమకు ఎలా స్పందిస్తాయో అందులో ఒక భాగం వివరిస్తుంది. బరువు ఎత్తినప్పుడు ఎముకలు, కీళ్ల మీద ఒత్తిడి ఎలా పడుతుందో మరో భాగం చెబుతుంది. పర్సనల్ ట్రైనర్ కావాలనుకునేవారికి రెండూ కావాలి.

ఈ శాస్త్రం పాఠ్యాంశం కాకముందే తెలుగునాట తాలింఖానాలు, అంటే వస్తాదులు నడిపే కసరత్తు శాలలు, ఉన్నాయి. దండీలు (చేతులు నేలకు ఆన్చి చేసే కసరత్తు), బస్కీలు (కూర్చుని లేచే కసరత్తు), కర్రసాము, సంగిడి రాళ్లతో తరాల తరబడి బలశాలులను తయారుచేశాయి. ఆ అనుభవాన్నీ శాస్త్రాన్నీ ఎదురెదురుగా నిలిపి పరీక్షించడం ఈ సంవాదం ఉద్దేశం. తాలింఖానా పక్షాన వస్తాదు, శాస్త్రం పక్షాన అధ్యాపకురాలు వాదిస్తారు.

భారం పెంచడం

వస్తాదు: అమ్మా, బలం రావడానికి పుస్తకం ఎందుకు? ఈ వారం యాభై బస్కీలు తీసినవాడు వచ్చే వారం అరవై తీస్తాడు. చిన్న గుండు ఎత్తినవాడు పెద్ద గుండు ఎత్తుతాడు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంచాడు, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్నాడు. ఆ బలం ఏ ప్రయోగశాలలో తయారైంది?

అధ్యాపకురాలు: మీరు చెప్పిన పద్ధతిని శాస్త్రం కాదనదు వస్తాదుగారూ. శరీరం అలవాటుపడిన పని కన్నా కాస్త ఎక్కువ పని పెడితేనే మారుతుంది. అలవాటయ్యాక మళ్లీ పెంచాలి. మన తేడా అంతా కొలత దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ బరువులతో చికిత్స చేసి, 1945లో ఆ వివరాలు ప్రచురించాడు. 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని మూడు సెట్లకు కుదించాడు. ముందుగా ఆ మనిషి పదిసార్లు ఎత్తగలిగి, పదకొండోసారి ఎత్తలేని బరువు ఎంతో కనుక్కోవాలి. అందులో సగంతో పదిసార్లు, ముప్పావుతో పదిసార్లు, మొత్తంతో పదిసార్లు చేయించాలి. కొలత ఆ రోగి సొంతం, పక్క మంచం మీదివాడిది కాదు.

వస్తాదు: పక్కవాడు ఎత్తింది తానూ ఎత్తాలన్న పంతమే కుర్రాణ్ణి పైకి తెస్తుంది. తట్టుకోలేనివాడు నాలుగు రోజుల్లో మానేస్తాడు. నిలిచినవాడు వస్తాదు అవుతాడు.

అధ్యాపకురాలు: మానేసినవాళ్లు మీ లెక్కలోకి రావడం లేదు. నిలిచినవాడి బలంలో పద్ధతి ఇచ్చింది ఎంత, పుట్టుకతో వచ్చింది ఎంత? అమెరికా, కెనడాల్లో జరిగిన హెరిటేజ్ అధ్యయనంలో, కసరత్తు అలవాటు లేనివాళ్ల చేత ఒకే పద్ధతిలో 20 వారాలు సైకిల్ తొక్కించారు. శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ కొందరిలో దాదాపు పెరగనే లేదు. కొందరిలో లీటరుకు మించి పెరిగింది. ఈ తేడాలో సుమారు సగం వారసత్వంతో ముడిపడి ఉంది. తాలింఖానా తట్టుకున్నవాణ్ణి ఎంచుకుంటుంది. ట్రైనర్ దగ్గరికి వచ్చేవాళ్లు వేరు: కూర్చుని పనిచేసే గుమాస్తా, కాన్పు అయిన తల్లి, షుగర్ ఉన్న పెద్దాయన. వచ్చినవాళ్లు తట్టుకునేలా చేయడమే ట్రైనర్ పని.

భారం అంటే కిలోలు మాత్రమే కాదు. రెప్స్ (ఒక సెట్‌లో కదలికను ఎన్నిసార్లు చేస్తారన్న లెక్క), సెట్లు, వారంలో రోజులు, సెట్ల మధ్య విరామం, కదలిక వేగం అన్నీ భారాన్ని మారుస్తాయి. అనుకున్న సంఖ్య కన్నా ఒకటి రెండు రెప్స్ ఎక్కువ చేయగలిగినప్పుడు బరువును 2 నుంచి 10 శాతం పెంచమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచిస్తుంది. కొత్తవారి విషయంలో ఒకసారికి ఒకటే మార్చడం మంచిది. అప్పుడే దేని వల్ల ఏం జరిగిందో తెలుస్తుంది.

చేసిన పనికే ఫలితం

వస్తాదు: దండీలు, బస్కీలు ఉంటే చాలు, ఒళ్లంతా గట్టిపడుతుంది. ఈ భాగానికి ఒకటి, ఆ భాగానికి ఇంకొకటి అని ఇన్ని యంత్రాలెందుకు?

అధ్యాపకురాలు: యంత్రాలు లేకపోయినా ఫర్వాలేదు. గురి మాత్రం ఉండాలి. ఏ పని చేయిస్తే శరీరం ఆ పనికే సిద్ధమవుతుంది. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. వందల బస్కీలు తీయగల మనిషికి తొడల్లో ఓర్పు ఉంటుంది, కానీ 110 కిలోలను ఒక్క ఊపులో తల మీదికి తీసుకుపోలేడు. ఆ కదలికను నాడులు విడిగా నేర్చుకోవాలి.

వస్తాదు: మరి సన్నగా ఉన్న కుర్రాడు కండపట్టిన వాడికన్నా ఎక్కువ ఎత్తడం ఎన్నోసార్లు కనిపిస్తుంది. అది దేనివల్ల?

అధ్యాపకురాలు: అదీ నాడుల పనే. వెన్నుపాము నుంచి వచ్చే నాడీకణం ఒక్కొక్కటి కొన్ని కండర పోగుల బృందాన్ని ఆడిస్తుంది. తేలిక పనికి చిన్న బృందాలు లేస్తాయి. పెద్ద బలం కావాల్సి వస్తేనో, చిన్నవి అలసిపోతేనో పెద్ద బృందాలు లేస్తాయి. శాస్త్రవేత్త ఎల్వుడ్ హెన్నెమన్ గుర్తించిన ఈ వరుసను పరిమాణ సూత్రం అంటారు. కొత్తగా బరువులు పట్టినవారిలో మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ప్రధానంగా ఈ బృందాలను పిలవడంలో వచ్చిన నేర్పు. కండ మందం పెరగడం ఆ తర్వాత. మొరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు 1979లో చూపింది ఇదే.

దీనివల్ల ట్రైనర్‌కు రెండు సంగతులు తెలుస్తాయి. మొదటి నెలలో ఎత్తే బరువు పెరుగుతుందని చెప్పవచ్చు, కండ పెరుగుతుందని మాట ఇవ్వకూడదు. రెండోది లక్ష్యాన్ని బట్టి బరువు ఎంచుకోవడం. ఇక ఎత్తలేననే స్థితికి దగ్గరగా తీసుకువెళితే తేలిక బరువుతోనూ, ఎక్కువ బరువుతోనూ కండ దాదాపు ఒకేలా పెరుగుతుంది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం ఎక్కువ బరువులే మేలు. మోకాళ్లలో ఇబ్బంది ఉన్నవారికి తేలిక బరువుతో ఎక్కువ రెప్స్ ఇవ్వడానికి ఇదే ఆధారం.

శక్తి వచ్చే మూడు దారులు, ఒళ్లు నొప్పులు

వస్తాదు: మర్నాడు మెట్లు దిగలేకపోతేనే నిన్న పని జరిగినట్టు. నొప్పి రాని కసరత్తు దండగ.

అధ్యాపకురాలు: నొప్పి సంగతి చూసే ముందు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కండరం కదలడానికి ఏటీపీ అనే పదార్థం కావాలి. కండరంలో నిల్వ ఉన్నది కొన్ని సెకన్లకే సరి. అందుకే శరీరం దాన్ని మూడు దారుల్లో మళ్లీ తయారుచేసుకుంటుంది. మొదటిది క్రియాటిన్ ఫాస్ఫేట్. సంగిడి రాయి ఎత్తడం లాంటి పది సెకన్ల లోపు విజృంభణకు అది చాలు. రెండోది ఆక్సిజన్ కోసం ఆగకుండా గ్లూకోజును విడగొట్టడం. 400 మీటర్ల పరుగు వంటి ఒకటి రెండు నిమిషాల తీవ్ర శ్రమకు అది ఆధారం. మూడోది ఆక్సిజన్‌తో పిండిపదార్థాన్నీ కొవ్వునూ వాడుకోవడం. గంటల తరబడి నడిచేది దీని మీదే. మూడూ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. పని తీవ్రతను బట్టి ఏది ముందుంటుందన్నది మారుతుంది.

వస్తాదు: ఆ రెండో దారిలో పుట్టే ఆమ్లమే కదా మర్నాటి నొప్పి?

అధ్యాపకురాలు: అలా చాలామంది అనుకుంటారు, జిమ్ముల్లో చెబుతారు కూడా. ఆ దారిలో పుట్టే లాక్టేట్ పని ఆపిన గంట లోపే మామూలు స్థాయికి వస్తుంది. ఒళ్లు నొప్పులు మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువవుతాయి. అలవాటు లేని పనిలో, ముఖ్యంగా కండరం సాగుతూ బరువును దించేటప్పుడు పోగుల్లో సూక్ష్మంగా జరిగే నష్టం, దానికి శరీరం చేసే మరమ్మతు వల్ల వచ్చే నొప్పి అది. అదే పని కొన్ని రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. మీ పాత శిష్యులకు నొప్పి రాదు. అంతమాత్రాన వాళ్ల కసరత్తు దండగ అనలేం కదా.

నొప్పిని కొలమానంగా పెట్టుకోవడంలో అసలైన ప్రమాదం మరొకటి ఉంది. కొత్తవారి చేత ఒకేసారి వందల బస్కీలు తీయిస్తే కండర పోగులు పెద్దఎత్తున పగిలి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. కండరాలు విపరీతంగా వాచి, మూత్రం కోలా రంగుకు మారితే అది ఆస్పత్రికి వెంటనే వెళ్లాల్సిన స్థితి. మొదటి రోజు క్లయింట్‌ను కూలబడేలా చేయడం శిక్షణ కాదు.

విరామం

వస్తాదు: మా దగ్గర సెలవు లేదు. కసరత్తు ఒక్క రోజు మానేస్తే బద్ధకం పదిరోజులు ఉంటుంది.

అధ్యాపకురాలు: బద్ధకం మాట నిజమే. శరీరం కూడా పని ఆపితే వెనక్కి పోతుంది. 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, అన్నేళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. కానీ ఇది పూర్తిగా కదలకపోవడం వల్ల జరిగిన నష్టం. ఒక రోజు విరామం వేరు. కసరత్తు సమయంలో కండరం అలసి బలహీనపడుతుంది. తిండి, నిద్ర, సమయం దొరికాకే బలపడుతుంది.

వస్తాదు: అయితే మేం ఒక రోజు దండీలు, మరుసటి రోజు బస్కీలు అని మార్చి చేయించేది?

అధ్యాపకురాలు: అది శాస్త్రానికి సరిపోయే ఏర్పాటే. ఒక భాగం పనిచేస్తుంటే మరో భాగం కోలుకుంటుంది. కొత్తవారికి బరువుల పని వారానికి రెండు మూడు రోజులు, ఒకే కండరానికి మధ్యలో ఒక రోజు ఎడం ఉంటే చాలు. మిగతా రోజుల్లో నడక పెట్టవచ్చు. మీరు భయపడే బద్ధకమూ రాదు.

కీళ్లు, మీటలు

ఇక్కడ వాదం తలకిందులవుతుంది. వస్తాదుకు నచ్చని నియమం ఒకటి జిమ్ముల్లో బాగా పాతుకుపోయింది.

వస్తాదు: కొత్త ట్రైనర్లు స్క్వాట్‌లో మోకాలు కాలివేళ్లు దాటకూడదని అరుస్తుంటారు. బస్కీ తీసేటప్పుడు మడమలు లేస్తాయి, మోకాలు ముందుకు వస్తుంది. నేల మీద కూర్చుని లేచే జనానికి ఈ నిషేధమేమిటి?

అధ్యాపకురాలు: ఈ విషయంలో న్యాయం మీ వైపే ఉంది. కీలు దగ్గర ప్రతి ఎముకా ఒక మీట. ఉదాహరణకు ముంజేయి తీసుకోండి: కండరం మోచేతికి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో అతుక్కుని, అరచేతిలోని బరువు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 10 కిలోలు నిలపడానికి కండరం 80 కిలోల బలంతో లాగాలి. కీలు నుంచి బరువు ఎంత దూరమో అంత భారం. 2003లో వెలువడిన అధ్యయనంలో మోకాళ్ల ముందు పలక అడ్డుపెట్టి స్క్వాట్ చేయించారు. మోకాలి మీద తిప్పుడు బలం సుమారు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి మీద మాత్రం 28 నుంచి 303కు ఎగబాకింది. మోకాలు ముందుకు రాకపోతే నడుము ముందుకు వంగుతుంది. తప్పించిన భారం అక్కడ పడుతుంది.

వస్తాదు: అంటే నిషేధం తప్పు.

అధ్యాపకురాలు: అందరికీ ఒకే నిషేధం తప్పు. అందరి చేత లోతైన బస్కీలు తీయించడమూ అంతే తప్పు. మోకాలి చిప్ప నొప్పి ఉన్నవారికి మోకాలి భారం తగ్గించడం, నడుము నొప్పి ఉన్నవారికి వంగడం తగ్గించడం మేలు. తొడ పొడవు, చీలమండ వంగే తీరు మనిషి మనిషికీ వేరు. ఫామ్ సరిదిద్దేటప్పుడు ట్రైనర్ తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మార్పుతో భారం ఏ కీలు నుంచి ఏ కీలుకు పోతోంది?

గుండె వేగం లెక్క

అధ్యాపకురాలు: ఓర్పు శిక్షణకు మోతాదు గుండె వేగంతో చెబుతారు. 220లో వయసు తీసేస్తే గరిష్ఠ వేగం వస్తుందనే సూత్రం జిమ్ము గోడల మీద కనిపిస్తుంది.

వస్తాదు: అందరికీ ఒకే లెక్కా? ఒకడికి ఒకలా, ఇంకొకడికి ఇంకోలా ఉంటుందని ఇంతసేపూ మీరే చెప్పారు. కుర్రాడి మొహం, ఊపిరి చూస్తే తెలిసిపోదూ?

అధ్యాపకురాలు: గట్టి ఆక్షేపణ, ఒప్పుకోవాల్సిందే. ఆ సూత్రం 1970ల ఆరంభంలో ఉన్న సమాచారాన్ని గుదిగుచ్చి వేసిన ఉజ్జాయింపు. 2001లో తనకా బృందం 208లోంచి వయసులో 0.7 వంతు తీసివేయమంది. 40 ఏళ్ల వారికి రెండూ 180 అనే చెబుతాయి. 60 ఏళ్ల వారికి ఒకటి 160, మరొకటి 166. ఏ సూత్రమైనా ఒక మనిషి విషయంలో పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ తప్పడం మామూలే. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో ఈ లెక్క అసలు పనికిరాదు, ఆ మందు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు.

వస్తాదు: మరి ఊపిరి చూసే నా పద్ధతి?

అధ్యాపకురాలు: దానికి శాస్త్రంలోనూ చోటుంది. మాట్లాడగలుగుతూ పాట పాడలేని స్థితి మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సివస్తే తీవ్ర శ్రమ. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ శ్రమ ఎంత అనిపిస్తోందో 6 నుంచి 20 దాకా అంకె చెప్పించే కొలబద్ద తయారుచేశాడు. సూత్రంతో మొదలుపెట్టి, ఊపిరితోనూ అంకెతోనూ సరిచూసుకోవాలి.

ఎంత చేయాలన్న దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు ఒక హద్దు ఇస్తాయి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. కసరత్తు అనిపించుకోని శ్రమకూ విలువ ఉంది. 1953లో జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సుల సిబ్బందిని గమనించింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది.

కొవ్వు, మాంసకృత్తులు

వస్తాదు: పొట్ట తగ్గాలంటే పొట్ట కసరత్తే చేయించాలి. బలానికి పాలు, బాదం, నెయ్యి పెట్టాలి.

అధ్యాపకురాలు: పొట్ట కసరత్తు పొట్ట కండరాలకు బలమిస్తుంది, దాని మీది కొవ్వును ప్రత్యేకించి కరిగించదు. కొవ్వు ఎక్కడి నుంచి ముందు పోవాలో శరీరమే తేల్చుకుంటుంది. మొత్తం మీద తగ్గాలంటే తిన్న శక్తి ఖర్చు కన్నా తక్కువ ఉండాలి. మాంసకృత్తుల విషయంలో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. బరువుల శిక్షణతో కండ పెంచుకోవాలనుకునేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ప్రయోజనం కనిపించింది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాముల నుంచి 96 దాకా. నెయ్యి శక్తినిస్తుంది గానీ మాంసకృత్తులు ఇవ్వదు. పప్పు, గుడ్లు, పాలు, చేపలు ఇస్తాయి.

వస్తాదు: సన్నగా ఉన్నవాడికి కొవ్వు గొడవ లేదు కదా.

అధ్యాపకురాలు: మన దేశంలో ఆ నమ్మకం చెల్లదు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో తమ శరీరాలనే పోల్చుకున్నారు. ఇద్దరికీ బీఎంఐ 22.3. యుడ్‌కిన్‌లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. అందుకే ఆసియా జనాభాకు బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అవసరం. తూకంతో పాటు నడుము చుట్టుకొలత కూడా ట్రైనర్ రాసుకోవాలి.

మొదటి రోజు విచారణ, ట్రైనర్ హద్దులు

వస్తాదు: మా దగ్గర చేరేవాడు మట్టికి దండం పెట్టి దిగుతాడు. మీరేమో కాగితం నింపిస్తారు.

అధ్యాపకురాలు: ఆ కాగితం వల్ల ప్రాణం నిలవవచ్చు. గుండె జబ్బు, శ్రమపడినప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, బీపీ, కీళ్ల సమస్య, వాడే మందులు ముందే అడగాలి. వీటిలో అనుమానం ఉంటే వైద్యుడి అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ లేదా కొన్ని షుగర్ మాత్రలు వాడేవారికి కసరత్తులో చక్కెర పడిపోవచ్చు. తీపి పదార్థం దగ్గర ఉంచుకోవాలి. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువు ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం నేర్పాలి. ఎండాకాలంలో ఆరుబయట శిక్షణ ఇస్తే వేడికి ఒళ్లు అలవాటుపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మోతాదు తగ్గించాలి.

వస్తాదు: ఇన్ని అడిగితే జనం భయపడి రారేమో. వచ్చినవాడు నిలవాలంటే చనువు కావాలి, పేరు పెట్టి పిలవాలి, రాని రోజున కబురు పంపాలి. ఎంత మంచి పట్టిక రాసినా మనిషి రాకపోతే ఉపయోగమేముంది?

అధ్యాపకురాలు: అది శాస్త్రం మీ దగ్గర నేర్చుకోవాల్సిన సంగతి. అధ్యయనాలు చాలావరకు కొన్ని వారాలే నడుస్తాయి. మీరు శిష్యుణ్ణి ఏళ్ల తరబడి చూస్తారు. కొనసాగించని కసరత్తుకు ఏ సూత్రమూ వర్తించదు. నేను అడిగేది ఒకటే: ఆ చూసినదాన్ని పుస్తకంలో రాయండి. తేదీ, బరువు, రెప్స్, ఎలా అనిపించిందన్న అంకె, నిద్ర, నొప్పి. అప్పుడు మానేసినవాళ్లు ఎందుకు మానేశారో కూడా తెలుస్తుంది.

వస్తాదు: రాస్తాం. పోటీకి కుర్రాళ్లను ఎంచే పని మాత్రం మా పద్ధతిలోనే జరుగుతుంది.

అధ్యాపకురాలు: పోటీకి ఏరడం తప్పదు. ఆరోగ్యం కోసం వచ్చినవారిని ఏరకూడదు.

ట్రైనర్ పని ఎక్కడ ఆగాలో కూడా ఈ తేడాతోనే తెలుస్తుంది. కదలికను గమనించడం, మోతాదు నిర్ణయించడం, క్రమంగా పెంచడం, విరామం ఇవ్వడం, నమోదు చేయడం ట్రైనర్ పనులు. జబ్బును గుర్తించడం, మందు మార్చమనడం, గాయానికి చికిత్స చేయడం, రోగికి ప్రత్యేక ఆహారం రాసివ్వడం ఆయన పనులు కావు. అవి వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ చూసుకోవాలి. రెండు మూడు సెషన్లలో తగ్గని కీలు నొప్పి, శ్రమలో ఛాతీ పట్టేయడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం కనిపిస్తే కసరత్తు ఆపి క్లయింట్‌ను వారి దగ్గరికి పంపాలి.